చెరువు పచ్చబడితే చేపకు గండం.. సముద్రానికీ ముప్పే! జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలకు ‘బ్లూమ్’ చెప్తున్న పాఠం ఇదే

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి.. ఈ మూడు జిల్లాల్లో ఎక్కడా సముద్రం లేదు. కానీ సముద్ర తీరంలో నీళ్లు ఎర్రగానో, పచ్చగానో మారి చేపలు చచ్చిపోయే ‘హానికర ఆల్గల్ బ్లూమ్’కి, ఈ జిల్లాల వరి పొలాలకు నీటి దారి ఉంది. అంతకంటే ముందు, అదే ప్రమాదం మన ఊరి చెరువులోనే మొదలయ్యే చాన్స్ ఉంది. అసలు బ్లూమ్ అంటే ఏంటి? ఎందుకొస్తుంది? ఎవరికి నష్టం? ఊళ్లో ఎలా గుర్తుపట్టాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

బ్లూమ్ అంటే ఏంటి?

నీళ్లలో కంటికి కనిపించనంత చిన్న నాచు ఎప్పుడూ ఉంటుంది. అది చెడ్డదేం కాదు. చెరువులో చిన్న పురుగులకు అదే తిండి, ఆ పురుగులు చేపలకు తిండి. లేత ఆకుపచ్చ రంగు నీళ్లలో బొచ్చె, రవ్వ బాగా పెరుగుతాయని చెరువు మీద బతికేవాళ్లకు బాగా తెలుసు.

తిండి మరీ ఎక్కువైనప్పుడే సమస్య. నాచు రోజుల వ్యవధిలోనే విపరీతంగా పెరిగి నీళ్లు చిక్కబడతాయి. దీన్నే బ్లూమ్ అంటారు. మంచినీటి చెరువుల్లో ఎక్కువగా భయపెట్టేది ‘సయానోబ్యాక్టీరియా’. మామూలు మాటల్లో నీలి ఆకుపచ్చ నాచు. వీటిలో కొన్ని రకాలు మైక్రోసిస్టిన్ లాంటి విషాలను తయారు చేస్తాయి. ఆ విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. సముద్రంలో డైనోఫ్లాజెల్లేట్లు, డయాటమ్‌లు లాంటి వేరే జాతులు ఈ పని చేస్తాయి. జాతులు వేరైనా, బ్లూమ్ రావడానికి కావాల్సిన పరిస్థితులు దాదాపు ఒకటే.

మూడు కలిస్తేనే ముప్పు

ఆ పరిస్థితులు మూడు. ఒకటి, నీళ్లలో నత్రజని, భాస్వరం ఎక్కువ ఉండటం. రెండు, ఎండ, వేడి. మూడు, నీళ్లు కదలకుండా నిలవడం. ఇందులో ఒక్కటి తగ్గినా బ్లూమ్ బలం తగ్గుతుంది.

దీనికి మన గోదావరే సాక్ష్యం. విశాఖపట్నంలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం శాస్త్రవేత్తలు గోదావరి నది సముద్రంలో కలిసే చోట నీళ్లను పరిశీలించి 2012లో ఒక అధ్యయనం ప్రచురించారు. నదిలో ప్రవాహం తగ్గినప్పుడు అక్కడ నాచు బ్లూమ్ మరింత ముదిరిందన్నది దాని సారాంశం.

కారణం అర్థం చేసుకోవడం కష్టమేం కాదు. వరదలో పోషకాలు చాలానే వస్తాయి. కానీ బురద వల్ల వెలుతురు లోపలికి దిగదు. పైగా నాచు పెరిగేలోపే ప్రవాహం దాన్ని సముద్రంలోకి తోసేస్తుంది. వరద తగ్గి, నీళ్లు తేటబడి, ఒకచోట నిలిచాక అసలు కథ మొదలవుతుంది. తిండి ఉంది, ఎండ ఉంది, టైమ్ ఉంది. నాచుకు ఇంకేం కావాలి?

ఇదే లెక్క మన చెరువుకూ వర్తిస్తుంది. వానాకాలంలో ఎర్రనీళ్లు వచ్చి మత్తడి దూకుతున్నప్పుడు చెరువు పచ్చబడదు. మత్తడి ఆగి, యాసంగి మొదలై, నీళ్లు తగ్గుతూ వేడెక్కుతున్నప్పుడు పచ్చబడుతుంది. కంటికి కనిపించేది ఎండాకాలంలోనే అయినా, దానికి కావాల్సిన సరుకంతా చెరువులోకి చేరింది వానాకాలంలోనే. మనం మేల్కొనే టైమ్‌కి పని అయిపోయి ఉంటుంది.

పొలం నుంచి వాగుకు.. వాగు నుంచి సముద్రానికి

ఈ మూడు జిల్లాల నీళ్లు ఎటు పోతాయో చూస్తే విషయం ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. భూపాలపల్లి జిల్లా గోదావరి ఒడ్డున ఉంది. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత కలిసిన గోదావరి భద్రాచలం, పోలవరం, ధవళేశ్వరం మీదుగా బంగాళాఖాతంలోకి వెళ్తుంది. జనగామ, వరంగల్ వైపు నుంచి దిగే ఆకేరు మహబూబాబాద్ జిల్లా మీదుగా మున్నేరులో కలుస్తుంది. మున్నేరు ఖమ్మం దాటి కృష్ణలో కలుస్తుంది. అంటే ఈ మూడు జిల్లాల పొలాల్లో పడ్డ వాన చివరికి రెండు పెద్ద నదుల ద్వారా ఆంధ్ర తీరానికి చేరుతుంది.

ఇటీవలి వరదలు ఈ దారి ఎంత వేగంగా పనిచేస్తుందో చూపించాయి. 2023 జులై చివర్లో మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగింది. 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల్లో కురిసిన కుండపోతకు ఆకేరు ఉప్పొంగింది. కేసముద్రం దగ్గర రైల్వే ట్రాక్ కింద కట్ట కొట్టుకుపోయింది. మున్నేరు ఖమ్మాన్ని ముంచెత్తింది. ఇలాంటి వరదలో నీళ్లు ఒక్కటే పోవు. పై మట్టి, ఆ మట్టికి అంటుకున్న భాస్వరం, నీళ్లలో కరిగిన యూరియా కూడా పోతాయి.

అమెరికాలో ఇదే జరిగింది. మిసిసిపీ నది పరివాహకంలోని మొక్కజొన్న, సోయా పొలాల నుంచి కొట్టుకొచ్చే ఎరువు వందల కిలోమీటర్లు ప్రయాణించి గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో నాచును పెంచుతోంది. ఆ నాచు చచ్చి అడుక్కి చేరి కుళ్లేటప్పుడు ఆక్సిజన్ మొత్తం లాగేస్తుంది. అలా ప్రతి ఎండాకాలం అక్కడ ‘డెడ్ జోన్’ ఏర్పడుతోంది. 2017లో అది సుమారు 22,700 చదరపు కిలోమీటర్లకు చేరింది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల విస్తీర్ణం మొత్తం కలిపినా అందులో సగం కూడా ఉండదు. అక్కడి రైతుకూ సముద్రం కనిపించదు. కానీ లెక్క మాత్రం ఆయన పొలం నుంచే మొదలవుతుంది.

అలాగని తీరంలో వచ్చే ప్రతి బ్లూమ్‌కూ పైనున్న రైతే కారణం అనడం తప్పు. విశాఖ తీరంలో ఏటా మార్చి నుంచి గాలుల వల్ల లోతు నీళ్లు పైకి వస్తాయి. వాటితో పాటు పోషకాలూ వచ్చి నాచు సహజంగానే పెరుగుతుంది. తీర పట్టణాల మురుగు, పరిశ్రమల వ్యర్థాలు, రొయ్యల చెరువుల నీళ్లూ తోడవుతాయి. పై జిల్లాల పొలాలు అందులో ఒక వాటా మాత్రమే. కాకపోతే ఆ వాటా తీరానికి చేరకముందే మన చెరువుల్లో ఆగుతుంది. ముందు దెబ్బ తగిలేది మనకే.

ఒక డీఏపీ బస్తా లెక్క

50 కిలోల డీఏపీ బస్తాలో 9 కిలోల నత్రజని, 23 కిలోల ఫాస్ఫేట్ ఉంటాయి. ఆ ఫాస్ఫేట్‌లో అసలు భాస్వరం సుమారు 10 కిలోలు. ఒక్క కిలో భాస్వరం నీళ్లలోకి చేరితే వందల కిలోల పచ్చి నాచు పెరగడానికి సరిపోతుంది. అంటే ఒక బస్తాలో పదో వంతు చెరువులో పడ్డా చాలు.

కెనడాలో 1973లో శాస్త్రవేత్తలు ఒక చిన్న సరస్సుకు మధ్యలో తెర కట్టి రెండు ముక్కలు చేశారు. రెండు వైపులా నత్రజని, కార్బన్ వేశారు. ఒక్క వైపే భాస్వరం కలిపారు. భాస్వరం పడ్డ సగం చిక్కటి ఆకుపచ్చగా మారింది. రెండో సగం మామూలుగానే ఉంది. సబ్బులు, డిటర్జెంట్లలో భాస్వరం తగ్గించాలన్న నిర్ణయాలకు ఈ ప్రయోగం పెద్ద బలమైంది.

యూరియా సంగతి వేరు. 45 కిలోల బస్తాలో దాదాపు 20.7 కిలోల నత్రజని ఉంటుంది. వరికి వేసిన నత్రజనిలో పంట వాడుకునేది సాధారణంగా మూడో వంతు నుంచి 40 శాతం వరకే. మిగతాది గాల్లో కలుస్తుంది, భూమిలోకి ఇంకుతుంది, లేదా నీళ్లతో పోతుంది.

ఇక్కడే ఒక చేదు నిజం ఉంది. 2025 వానాకాలంలో తెలంగాణలో యూరియా కోసం రైతులు తెల్లవారకముందే క్యూ కట్టారు. మహబూబాబాద్ జిల్లాలోనూ రైతులు బస్తా కోసం రోడ్డెక్కారు. చెప్పులు లైన్‌లో పెట్టి తెచ్చుకున్న బస్తాలో సగానికి పైగా పంటకు అందకుండా పోతోందంటే, అది ముందు రైతు జేబుకు నష్టం. చెరువుకు నష్టం ఆ తర్వాత. కాబట్టి ‘చెరువును కాపాడటానికి ఎరువు తగ్గించండి’ అని రైతుకు ఉపన్యాసం ఇవ్వడం వల్ల ఉపయోగం లేదు. ‘మీరు కొన్న ఎరువు మీ పొలంలోనే ఎలా ఆగాలి’ అన్నదే అసలు ప్రశ్న.

ఎవరికి నష్టం?

మొదటి దెబ్బ మత్స్యకారులకు. తెలంగాణలో 2016 నుంచి ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేప పిల్లలను వదులుతోంది. వానాకాలం చివర్లో వదిలిన పిల్లలు ఎండాకాలానికి పట్టుబడికి వస్తాయి. చెరువులో నీళ్లు తగ్గి, వేడెక్కి, బ్లూమ్‌కు అనుకూలంగా మారేది సరిగ్గా అప్పుడే. ఏడాది పెట్టిన కష్టం చేతికొచ్చే నెలలోనే ముప్పు ఎక్కువ.

చేపలు ఎలా చనిపోతాయి? చాలాసార్లు విషం కూడా అక్కర్లేదు. పగలు నాచు ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి అదే నాచు ఆక్సిజన్ పీల్చుకుంటుంది. నాచు మరీ చిక్కగా ఉంటే తెల్లారేసరికి నీళ్లలో ఆక్సిజన్ అడుగంటుతుంది. చేపల పెంపకానికి పనికొచ్చే నీళ్లలో లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలన్నది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. అది బాగా పడిపోతే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. రెండు మూడు రోజులు మబ్బు పట్టినా, నాచు ఒక్కసారిగా చచ్చినా చెరువంతా తెల్లగా తేలిపోయే ప్రమాదం ఉంటుంది.

రెండో దెబ్బ పశువులకు. మిషన్ భగీరథ వచ్చాక మనుషులు చెరువు నీళ్లు నేరుగా తాగడం తగ్గింది. కానీ బర్రెలు, ఆవులు, గొర్రెలు, మేకలకు ఇప్పటికీ చెరువే దిక్కు. గాలి వీచే వైపు ఒడ్డున పేరుకునే తెట్టులోనే విషం చిక్కగా ఉంటుంది. పశువులు నీళ్లు తాగేదీ ఒడ్డునే. 2020లో ఆఫ్రికాలోని బోట్స్వానాలో 300కు పైగా ఏనుగులు చనిపోయాయి. నీటి గుంటల్లోని సయానోబ్యాక్టీరియా విషమే కారణమని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. ఏనుగు లాంటి జంతువే తట్టుకోలేకపోతే మేకపిల్ల సంగతేంటి?

మూడోది మనుషులు. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడో నగరంలో దాదాపు 5 లక్షల మందిని మూడు రోజుల పాటు కుళాయి నీళ్లు తాగొద్దన్నారు. ఈరీ సరస్సులో వచ్చిన బ్లూమ్ విషం శుద్ధి కేంద్రం దాటి వచ్చేసింది. బ్రెజిల్‌లోని కరువారులో 1996లో ఇంకా ఘోరం జరిగింది. డయాలసిస్‌కు వాడిన నీళ్లలో ఈ విషం ఉండటంతో 50 మందికి పైగా రోగులు చనిపోయారు. తాగునీటిలో జీవితాంతం తీసుకున్నా ఫర్వాలేదనే పరిమితిగా మైక్రోసిస్టిన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన గీత లీటరుకు ఒక్క మైక్రోగ్రామ్. అంటే గ్రాములో పది లక్షలో వంతు.

ఇంకో ముఖ్యమైన విషయం. నీళ్లు కాచితే ఈ విషం పోదు. క్రిములు చస్తాయి కానీ విషం అలాగే ఉంటుంది. పైగా నీళ్లు ఆవిరైతే చిక్కబడుతుంది కూడా. టొలీడోలో అధికారులు ‘కాచొద్దు’ అని ప్రత్యేకంగా చెప్పింది అందుకే.

కాకతీయుల చెరువుకు కొత్త పరీక్ష

ఈ ప్రాంతం బతుకంతా చెరువు చుట్టూనే అల్లుకుంది. మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారం పెద్దచెరువును కాకతీయ గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ 13వ శతాబ్దంలో తవ్వించింది. భూపాలపల్లి జిల్లా గణపురంలో గణపసముద్రం ఇంకా నీళ్లిస్తోంది. జనగామ జిల్లాలో స్టేషన్ ఘన్‌పూర్, అశ్వరావుపల్లి, బొమ్మకూరు రిజర్వాయర్లకు దేవాదుల పథకం ద్వారా గోదావరి నీళ్లు ఎక్కుతున్నాయి. ఒకప్పుడు కరువుకు పేరైన జనగామలో యాసంగి వరి కనిపిస్తోందంటే ఈ నీళ్ల పుణ్యమే.

కానీ చెరువు నిండుతోందా అన్నదే ఇన్నాళ్లూ మన లెక్క. నిండిన నీళ్లు ఎలా ఉన్నాయన్నది ఇప్పుడు తోడవ్వాల్సిన లెక్క. రెండు పంటలు పండితే రెండు సార్లు ఎరువు పడుతుంది. పట్టణాల మురుగు కాల్వలు చెరువుల వైపు తిరిగితే భాస్వరం ఏడాది పొడవునా చేరుతూనే ఉంటుంది.

పూడిక గురించి కూడా కొత్తగా ఆలోచించాలి. చెరువు అడుగు మట్టిలో ఏళ్ల తరబడి భాస్వరం పేరుకుపోతుంది. అడుగున ఆక్సిజన్ అయిపోతే ఆ భాస్వరం మళ్లీ నీళ్లలోకి వదులుతుంది. అంటే కొత్తగా ఎరువు రాకపోయినా పాత బాకీ చెరువును పచ్చగా ఉంచుతుంది. ఎండాకాలంలో పూడిక తీసి బండ్ల మీద పొలాలకు తోలుకునే పాత పద్ధతిలో గొప్ప తెలివి ఉంది. చెరువులోకి కొట్టుకొచ్చిన పోషకం మళ్లీ పొలానికే చేరేది. 46 వేలకు పైగా చెరువుల బాగు కోసం 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక మట్టిని పొలాలకు తోలడం భాగమే. అది ఒక్కసారి చేసి వదిలేసే పని కాదు.

మేడిగడ్డ విషయంలోనూ ఇదే ప్రశ్న ఉంది. 2019 జూన్ 21న ప్రారంభమైన ఈ బరాజ్ పిల్లర్లు 2023 అక్టోబర్‌లో కుంగడంతో నీళ్ల నిల్వ ఆగింది. మళ్లీ నింపే రోజు వస్తే కట్టడం భద్రతతో పాటు, నిలిచిన నీళ్ల నాణ్యతనూ చూడాల్సిందే. పారే నదిని ఆపితే మూడు పరిస్థితుల్లో ఒకటైన ‘నిలకడ’ను మనమే ఇచ్చినట్టు.

సముద్రానికి నిఘా ఉంది.. చెరువుకో?

సముద్రంలో బ్లూమ్‌ల మీద నిఘా పెట్టే కేంద్రం ఎక్కడుందో తెలుసా? హైదరాబాద్‌లోనే. ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ 2021లో ఉపగ్రహ డేటాతో ఆల్గల్ బ్లూమ్ సమాచార సేవను ప్రారంభించింది. ఈశాన్య అరేబియా సముద్రం, కేరళ తీరం, మన్నార్ గల్ఫ్, ఒడిశాలోని గోపాల్‌పూర్ తీరాలను హాట్‌స్పాట్‌లుగా గుర్తించి మత్స్యశాఖలకు, మత్స్యకారులకు సమాచారం ఇస్తోంది.

అరేబియా సముద్రంలో నీళ్ల రంగు మారితే హైదరాబాద్‌లో తెలుస్తుంది. మరి హైదరాబాద్‌కు రెండు మూడు గంటల దూరంలో ఉన్న చెరువు రంగు మారితే ఎవరికి తెలియాలి? పెద్ద చెరువులు, రిజర్వాయర్లను ఉపగ్రహంతో చూసే టెక్నాలజీ ఉంది. చిన్న చెరువులకు ఊళ్లోని మత్స్య సహకార సంఘమే కన్ను. ఆ కన్ను చూసింది చెప్పడానికి ఒక ఫోన్ నంబర్, నీళ్లు పరీక్షించడానికి జిల్లాకు ఒక ల్యాబ్ ఉంటే సగం పని అయినట్టే. ఫిబ్రవరి నుంచి జూన్ వరకు నెలకోసారి భాస్వరం, ఆక్సిజన్, నాచు పరీక్షలు చేస్తే చేపలు తేలకముందే హెచ్చరించొచ్చు.

ఊళ్లో ఎలా గుర్తుపట్టాలి?

పచ్చగా ఉన్నదంతా విషం కాదు. చిన్న చిన్న ఆకులు, కింద వేర్లు కనిపిస్తే అది అజొల్లా లాంటి నీటి మొక్క. కర్రతో లేపితే జుట్టులా వేలాడితే అది పోగు నాచు. పెయింట్ ఒలకబోసినట్టు ఉండి, కర్రకు రంగులా అంటుకుంటే అనుమానించాలి.

తెట్టు తగలకుండా చేతికి గ్లౌజ్ వేసుకుని పారదర్శకమైన సీసాలో ముప్పావు వంతు నీళ్లు పట్టి, కదల్చకుండా ఒక రాత్రి ఉంచాలి. పొద్దున పచ్చదనం పైకి తేలి ఉంగరంలా కడితే సయానోబ్యాక్టీరియా అయ్యే అవకాశం ఎక్కువ. అడుక్కి దిగితే మామూలు నాచు కావొచ్చు. ఇది ల్యాబ్ పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు, మొదటి హెచ్చరిక మాత్రమే.

అనుమానం ఉంటే ఆ ఒడ్డున పశువులను తాగనివ్వొద్దు. పిల్లలను ఈతకు పంపొద్దు. చచ్చి తేలిన చేపలను అమ్మొద్దు, తినొద్దు. పశువు ఉన్నట్టుండి తూలినా, పడిపోయినా పశువైద్య సేవల నంబర్ 1962కి వెంటనే ఫోన్ చేయాలి. నాచు చావాలని మైలుతుత్తం కుమ్మరించడం మాత్రం పెద్ద తప్పు. నాచు కణాలు ఒక్కసారిగా పగిలి లోపలి విషమంతా నీళ్లలో కలుస్తుంది, ఆక్సిజన్ కూడా పడిపోతుంది.

చేయాల్సింది ఎప్పుడు?

రైతు వైపు నుంచి చూస్తే పనులు ఖర్చు పెంచేవి కాదు, తగ్గించేవే. తెలంగాణ నేలల్లో చాలాచోట్ల భాస్వరం నిల్వలు ఇప్పటికే ఎక్కువగా ఉన్నాయని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఏళ్లుగా చెప్తున్నారు. మట్టి పరీక్ష చేయించుకుంటే డీఏపీ ఎంత తగ్గించొచ్చో తెలుస్తుంది. యూరియాను ఒకేసారి కాకుండా దఫాలుగా వేయడం, పెద్ద వాన సూచన ఉన్న రోజు ఆగడం, వేశాక కొన్ని రోజులు మడి నీళ్లు బయటికి వదలకపోవడం, ఒర్రెల వెంట గడ్డి గట్లు చెదరకుండా ఉంచడం.. ఇవన్నీ బస్తాను పొలంలోనే ఆపుతాయి.

మున్సిపాలిటీలు, పంచాయతీల బాధ్యత మురుగు నీళ్లు చెరువులోకి నేరుగా చేరకుండా చూడటం. మత్స్య, వ్యవసాయ, నీటిపారుదల శాఖలు వేర్వేరుగా లెక్కలు రాసుకుంటే ఈ సమస్య ఎవరి రిజిస్టర్‌లోనూ కనిపించదు. చేప పిల్లలు వదిలే శాఖకు ఆ నీళ్లలో భాస్వరం ఎంతుందో తెలియాలి. ఎరువు కోటా చూసే శాఖకు అది చివరికి ఏ చెరువులో తేలుతోందో తెలియాలి.

ఏప్రిల్‌లో చెరువు పచ్చబడ్డాక చేయగలిగింది చాలా తక్కువ. నీళ్లు తాగకుండా ఆపడం, చేపలు ముందే పట్టుకోవడం అంతే. అసలు పని జూన్‌లో, మొదటి ఎర్రనీళ్లు కాల్వలో దిగే రోజున ఉంటుంది. ఆ నీళ్లతో ఏం వస్తోందన్నదే ఆ ఊరి చేపకు, మేకకు, వందల కిలోమీటర్ల అవతల తీరంలో వల వేసే మత్స్యకారుడికి ఆ ఏడాది ఎలా గడుస్తుందో నిర్ణయిస్తుంది.